నగర పాలనము - జలాశయ రక్షణము: ఒక విమర్శ

చెరువును కాపాడుట యనగా దేనిని కాపాడుట? నగరపాలకులు తమ చేతలద్వారా సాధారణముగా ఇచ్చు సమాధానము: గట్టు, కంచె, విహారమార్గము, విద్యుద్దీపములు. విజ్ఞానశాస్త్రమిచ్చు సమాధానము వేరు. చెరువనగా నీరు నిలిచిన పల్లము మాత్రమే కాదు. ఆ పల్లములోనికి వాననీటిని పంపు నేల యంతయు చెరువులో భాగమే. దీనికే పరీవాహక ప్రాంతమని పేరు. హైదరాబాదు నగర జలాశయముల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించినచో పాలనలోని గుణదోషములు రెండును తేటపడును.

హుస్సేన్‌సాగరము 16వ శతాబ్దమున ఏర్పడినది. ఒకప్పుడు నగరమునకు త్రాగునీటినిచ్చినది. తరువాత దాని ఒడ్డున ఉద్యానములు, రహదారులు వెలసినవి. కాని ఎగువనుండి వచ్చు కూకట్‌పల్లి నాలా దశాబ్దములపాటు మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును తెచ్చి అందులో పోసెను. మురుగులోని నత్రజని, భాస్వరము నాచునకు ఎరువులగును. నాచు విపరీతముగా పెరిగి, చచ్చి క్రుళ్లునపుడు నీటిలో కరిగియున్న ఆమ్లజని హరించుకొనిపోవును, చేపలు చచ్చును. ఒడ్డున ఎన్ని దీపములు వెలిగించినను ఈ చర్య ఆగదు.

ఇక మూసీ సంగతి. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నది పొంగి వేలాది ప్రజలను బలిగొన్నది. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి నగరమునకు ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఉపనదియైన ఈసాపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మింపబడినవి. వరదను అదుపుచేయుట, త్రాగునీరొసగుట వీని ఉభయ ప్రయోజనములు. 1996లో నాటి రాష్ట్రప్రభుత్వము 111వ సంఖ్య ఉత్తర్వు ద్వారా ఈ జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్యకర పరిశ్రమలను, పెద్ద నిర్మాణములను నిషేధించెను. పరీవాహక ప్రాంతమును గుర్తించిన శాస్త్రీయమైన ఉత్తర్వది.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము ఈ ఆంక్షలను తొలగింప నిర్ణయించెను. కృష్ణా, గోదావరి జలములు వచ్చుచుండుటచే నగరము ఈ జలాశయములపై ఆధారపడుట లేదని చెప్పిన కారణము. ఈ వాదము రెండు ప్రయోజనములలో ఒకదానినే లెక్కించినది. ఒక హెక్టారు నేలపై 10 సెంటీమీటర్ల వాన కురిసినచో 10 లక్షల లీటర్ల నీరగును. పొలము అందులో కొంత పీల్చుకొని, మిగిలినదానిని మెల్లగా విడుచును. సిమెంటు, తారు పరచిన నేల దాదాపు అంతయు ఒక్కుమ్మడిగా పల్లమునకు తోలును. అప్పుడు జలాశయపు గేట్లు ఎత్తక తప్పదు. 2025 సెప్టెంబరులో గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డుననున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషనులోనికి వరద వచ్చినది. ఎగువ నేల కప్పబడిన కొలది ఇట్టి దినములు పెరుగును.

2024లో ఏర్పడిన ‘హైడ్రా’ చెరువుల ఆక్రమణలను తొలగించుచున్నది. ఇది చేయదగిన పనియే. అయితే 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు భవన నిబంధనలు విధించిన రక్షణపట్టీ పూర్తి నీటిమట్టము నుండి 30 మీటర్లు మాత్రమే. ఒకచోట 30 మీటర్లను కాపాడి, వేరొకచోట 10 కిలోమీటర్లను వదలుకొన్నచో లాభమెంత?

84 గ్రామముల రైతుల బాధ కూడ మరువదగినది కాదు. నగర క్షేమమునకై తమ భూముల విలువ మాత్రమే ఏల తగ్గవలెనని వారడుగుట న్యాయమే. ఈ చిక్కు ఇతర నగరములకును వచ్చినదే. న్యూయార్కు నగరము 1997లో, తనకు నీరిచ్చు క్యాట్‌స్కిల్ కొండప్రాంత గ్రామములతో ఒడంబడిక చేసికొన్నది. అచ్చటి సేద్యపు వ్యర్థములు ఏళ్లలో చేరకుండుటకును, భూములు కొనుటకును తన సొమ్మునే వెచ్చించి, ఆ నీటికి భారీ వడపోత కేంద్రము నిర్మించు వ్యయమును తప్పించుకొన్నది. ఎగువ నేలను కాపాడువానికి దిగువవాడు ప్రతిఫలమిచ్చుట అచ్చటి సూత్రము. హైదరాబాదు ఆంక్షను పెట్టినది, ఆంక్షను తీసినది. ప్రతిఫలమను మూడవ మార్గమును మాత్రము త్రొక్కలేదు.

వాననీరు పాలనా సరిహద్దులను ఎరుగదు, పల్లమునే ఎరుగును. నగర ప్రణాళికలు ఆ పల్లపు హద్దుల ననుసరించి గీయబడువరకు, గట్టుపై చేయు వ్యయమంతయు అలంకారమే గాని రక్షణము కాజాలదు.