చెప్పని హక్కు ఎవరి హక్కు?
తీవ్రవాద కేసుల్లో పోలీసు విచారణ - ఒక దళిత పరిశీలన

మా చిన్నాయన్ని ఒకసారి ఠాణాకి పిలిచారు. ఒక రైతు చేలో కరెంటు మోటారు పోయింది. మోటారు పోతే ముందు పేటలోకి రావడం మా వూళ్ళో ఆనవాయితీ. పొద్దున పోయిన మనిషి మర్నాడు సాయంత్రానికి తిరిగొచ్చాడు. నేనప్పుడు పదో తరగతి. 'ఏం అడిగారు చిన్నాయనా' అన్నాను. 'అడగలేదురా అయ్యా, చెప్పమన్నారు' అన్నాడు. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారట. అందులో ఏం రాసుందో ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు.

చాలా ఏళ్ళ తర్వాత విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూచుని రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు చదివాను. నేరారోపణ వున్న మనిషిని తనమీద తానే సాక్ష్యం చెప్పుకోమని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఈ హక్కు మా చిన్నాయనకి 1950 నుంచీ వుంది. వుందని చెప్పినవాడే లేడు.

తీవ్రవాద కేసుల్లో పట్టుబడ్డవాళ్ళకి ప్రశ్నలు మొదలెట్టే ముందు వాళ్ళ హక్కులు చెప్పాలా వద్దా అనే చర్చని నేను ఈ వేలిముద్ర దగ్గర్నుంచే చూస్తాను. ఇది పౌరహక్కుల మేధావుల వ్యవహారం, మనకెందుకని మనవాళ్ళలో కొందరు అంటారు. బాంబులు పెట్టేవాడికి హక్కులేంటని యింకొందరంటారు. రెండు మాటలూ పరిశీలించాల్సినవే.

1

ఈ చర్చకు పేరు అమెరికా నుంచి వచ్చింది. 1963లో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో ఎర్నెస్టో మిరాండా అనే పేద మెక్సికన్-అమెరికన్ని పోలీసులు అరెస్టు చేశారు. చదువు అంతంతమాత్రం. రెండు గంటల్లో వాంగ్మూలం మీద సంతకం అయిపోయింది. తన చట్టబద్ధ హక్కులన్నీ తెలిసే ఈ మాటలు చెపుతున్నానని ఆ కాగితం మీద ముందే టైపు చేసి వుంది. లాయర్ని పెట్టుకునే హక్కు వుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. 1966 జూన్ 13న ఆ దేశ సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. నువ్వు మాట్లాడకుండా వుండొచ్చు, మాట్లాడితే అది నీమీద వాడతాం, లాయరు పక్కన వుండొచ్చు, డబ్బు లేకపోతే ప్రభుత్వమే లాయర్ని యిస్తుంది - ఈ నాలుగు మాటలూ చెప్పకుండా తీసుకున్న వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదంది.

ఆ తీర్పుతో మిరాండా బయటపడలేదు. 1967లో ఆ వాంగ్మూలం లేకుండానే మళ్ళీ విచారణ జరిపి శిక్ష వేశారు. హక్కులు చెపితే నేరస్తులందరూ తప్పించుకుంటారనే వాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

మన దేశంలో ఈ ఆలోచన 1978లో వచ్చింది. నందినీ శతపథి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, మౌనంగా వుండే హక్కు కోర్టులోనే కాదు పోలీసు విచారణలోనూ వుంటుందని రాశారు. గొప్ప తీర్పే. అయితే ఆ కేసులో పిటిషనరు ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి. హక్కు వుందని ఆమెకు పోలీసులు చెప్పాల్సిన పని లేదు. 1996 డిసెంబరు 18న డి.కె. బసు తీర్పులో సుప్రీంకోర్టు అరెస్టుకు 11 నిబంధనలు పెట్టింది. విచారణ జరుగుతున్నప్పుడు లాయర్ని కలవొచ్చు, కానీ విచారణ పొడుగూతా కాదు అని అందులో వుంది. అదే మాట తర్వాత శిక్షాస్మృతి ప్రక్రియలో 41డిగా చేరి, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సంహితలో 38వ సెక్షనుగా వుంది. అంటే కలవొచ్చు. కలవొచ్చని ప్రశ్నలకు ముందు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆ విచారణ ఫలితం చెల్లదు అనే మాట మాత్రం ఎక్కడా లేదు.

2

ఈ ప్రశ్న సూటిగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కసబ్ కేసులో. 2008 నవంబరు 26 బొంబాయి దాడుల్లో ప్రాణాలతో దొరికిన ఒకే ఒక్కడు. కోర్టు అతని తరఫున నియమించిన సీనియర్ లాయరు, మొదట్నుంచీ లాయరు సహాయం యివ్వలేదు కాబట్టి మెజిస్ట్రేటు ముందు యిచ్చిన వాంగ్మూలం చెల్లదని వాదించారు. 2012 ఆగస్టు 29 తీర్పు దీన్ని ఒప్పుకోలేదు. ఆ నవంబరు 21న ఎరవాడ జైల్లో కసబ్‌ని ఉరి తీశారు.

కసబ్ నేరం మీద నాకు అనుమానం లేదు. ఫోటోలున్నాయి, సాక్షులున్నారు, ఆ వాంగ్మూలం తీసి పక్కన పెట్టినా కేసు నిలబడేది. నా పేచీ తీర్పులోని తర్కంతో. మిరాండా నియమం మనకు అక్కర్లేదు, ఎందుకంటే మన చట్టం అంతకన్నా గట్టిది, పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షను ప్రకారం అసలు చెల్లదు కదా అంది కోర్టు. కాయితం మీద యిది నిజమే. అయితే ఈ రక్షణ ఎవరికి లేకుండా చేశారో చూడండి. టాడా 15వ సెక్షను, పోటా 32వ సెక్షను, మహారాష్ట్ర మోకా చట్టం 18వ సెక్షను - మూడూ ఎస్పీ స్థాయి అధికారి ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. కంచె వుంది కాబట్టి కాపలా అక్కర్లేదంటున్నారు. తీవ్రవాదమనే ముద్ర పడ్డచోట ఆ కంచెనే కొట్టేశారు. కేంద్ర చట్టాల్లో టాడా, పోటా పోయాయి, యిప్పుడున్న ఉపా చట్టంలో అటువంటి సెక్షను లేదు. మోకా మాత్రం వుంది.

ఆ తీర్పులో మంచి లేకపోలేదు. మొదటిసారి ముందుకు తెచ్చినప్పుడే లాయరు హక్కు గురించి, డబ్బు లేకపోతే ప్రభుత్వ లాయరు గురించి మెజిస్ట్రేటు చెప్పి తీరాలంది. చెప్పకపోతే మెజిస్ట్రేటు మీద శాఖాపరమైన చర్య. కానీ దానివల్ల నిందితుడికి నష్టం జరిగిందని రుజువైతే తప్ప కేసు చెడదు. ఆ రుజువు ఎవరు చూపించాలి? లాయరు లేనివాడే. పైగా అరెస్టు నుంచి మెజిస్ట్రేటు దాకా 24 గంటలుంటుంది. మా చిన్నాయన వేలిముద్ర ఆ 24 గంటల్లోనే పడింది.

ఇక్కడ బాబాసాహెబ్‌ని తలుచుకోవాలి. అరెస్టుకు కారణాలు చెప్పాలి, లాయర్ని సంప్రదించనివ్వాలి, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి అనే 22వ అధికరణాన్ని 1949 సెప్టెంబరు 15న రాజ్యాంగసభలో ప్రతిపాదించింది అంబేద్కరే. జీవించే హక్కు అధికరణం నుంచి న్యాయమైన ప్రక్రియ అనే మాట తీసేశాక కలిగిన లోటును కొంతైనా పూడ్చడానికి దీన్ని తెస్తున్నట్టు ఆయన సభకు వివరించారు. రాజ్యం చేతికి దొరికిన వొంటరి మనిషి గురించిన ఆలోచన అది. మన జయంతి సభల్లో రిజర్వేషన్ల అధికరణాలు అందరికీ నోటికొస్తాయి. 22 గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

3

దళిత పత్రికలో గుర్తు చేయాల్సిన యింకో పేరు జస్టిస్ కాటికితల రామస్వామి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి 1989లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన తెలుగు దళిత న్యాయమూర్తి. 1994 మార్చి 11న కర్తార్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి టాడాను సమర్థించింది. పోలీసు అధికారి ముందు ఒప్పుకోలు చెల్లుతుందనే 15వ సెక్షను దగ్గర బెంచి 3-2గా చీలింది. ఆ యిద్దరిలో ఒకరు జస్టిస్ సహాయ్, రెండోవారు రామస్వామి. ఆ సెక్షను 14, 21 అధికరణాలకు విరుద్ధమని రామస్వామి రాశారు.

మెజారిటీ జడ్జీలు ఏం చేశారు? స్వేచ్ఛాయుత వాతావరణంలో, ఆ మనిషి మాట్లాడే భాషలోనే రాసుకోవాలని, మౌనంగా వుండే హక్కును గౌరవించాలని మార్గదర్శకాలు యిచ్చారు. ఠాణాలో స్వేచ్ఛాయుత వాతావరణం! ఎస్పీ మంచివాడని నమ్మడం మీద కట్టిన తీర్పు అది. ఠాణా అంటే ఏమిటో కింది నుంచి చూసినవాళ్ళకి ఆ నమ్మకం కలగడం కష్టం. జడ్జి కులాన్ని బట్టి తీర్పును లెక్కగట్టమని నేననను. కానీ అణగారిన కులాల్లోంచి వచ్చిన అనుభవం న్యాయశాస్త్రంలో ఎట్లా పలుకుతుందో చదవడం మన పరిశోధకుల పని. రామస్వామి రిజర్వేషన్, భూమి తీర్పుల గురించి మాట్లాడతాం. ఈ భిన్నాభిప్రాయాన్ని మాత్రం మనం చదవాల్సినంత చదవలేదు.

టాడా 1995 మేలో కాలం తీరిపోయింది. అప్పటికి 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్ష పడింది నూటికి ఒకరిద్దరికి.

4

ఎవర్ని తీవ్రవాది అన్నారు? 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని వేటాడి చంపారు. 1992 ఫిబ్రవరి 12న బీహారు గయ జిల్లా బారాలో 35 మంది భూమిహార్లను మావోయిస్టు దళం చంపింది. రెండు రోజుల్లోనూ టాడా అమల్లో వుంది. బారా కేసు టాడా కోర్టుకు పోయింది. 2002లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు కృష్ణ మోచీతో సహా నలుగురికి ఉరి ఖాయం చేసింది. సాక్ష్యం చాలదని కృష్ణ మోచీని వదిలెయ్యమన్నారు జస్టిస్ ఎం.బి. షా. 2017లో రాష్ట్రపతి ఆ ఉరిశిక్షల్ని యావజ్జీవంగా మార్చారు. చుండూరు కేసు టాడా కింద నడవలేదు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

బారా హత్యల్ని నేను సమర్థించడం లేదు. చుండూరు హంతకుల మీద టాడా పెట్టాల్సిందనీ అనడం లేదు. ఒక వూరిని భయభ్రాంతం చేసిన మూక ఒకచోట తీవ్రవాదం, యింకోచోట గ్రామ తగాదా ఎట్లా అయిందనేదే ప్రశ్న. పుట్టుకతోనే అనుమానితుడు అనే భావన మనకు కొత్త కాదు. నేరస్థ తెగల చట్టం ఎరుకల కుటుంబాల్ని స్టువర్టుపురం సెటిల్మెంటులో పెట్టి హాజరు పట్టీ వేసింది. ఆ చట్టం 1952లో పోయింది. చూపు మిగిలింది. ఇవాళ ఆ చూపు ఎక్కువగా ముస్లిం బస్తీల మీద వుంది. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదు పాతబస్తీ కుర్రాళ్ళని ఎత్తుకుపోయారు. కేసులు నిలబడలేదు. ప్రభుత్వమే పరిహారం యిచ్చింది. 2013లో ఆ పరిహారం ఉత్తర్వును హైకోర్టు కొట్టేసింది.

5

బాంబు టిక్కు టిక్కుమంటుంటే హక్కులు చదువుతూ కూచుంటామా అనేది గట్టి ప్రశ్నే. దీనికి జవాబు మిరాండా దేశంలోనే వుంది. 1984 క్వార్లెస్ కేసులో ప్రజల ప్రాణాలకు తక్షణ ప్రమాదం వున్నప్పుడు హక్కులు చెప్పకుండా ఆ మేరకు అడగొచ్చన్నారు. 2013 బోస్టన్ పేలుళ్ళ నిందితుణ్ణి ఆసుపత్రి మంచం మీద గంటల తరబడి అలాగే అడిగారు. మినహాయింపు ఎట్లా సాగుతుందో కూడా అది చూపించింది. అయినా దాన్ని ఒప్పుకుందాం. ఒప్పుకున్నా మన కేసులకు అది అతకదు.

అక్షరధామ్ గుడి మీద దాడి 2002 సెప్టెంబరు 24న. నిందితుల అరెస్టులు 2003 ఆగస్టు చివర్లో. ఒప్పుకోళ్ళు ఆ తర్వాత. పదకొండు నెలల తర్వాత రాసుకున్న కాగితం ఏ బాంబును ఆపడానికి? ఆ ఒప్పుకోళ్ళు నమ్మదగినవి కావని 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగుర్నీ విడిచిపెట్టింది. వాళ్ళలో ఉరిశిక్ష పడ్డవాళ్ళూ వున్నారు. 2006 బొంబాయి రైలు పేలుళ్ళ కేసులో మోకా కింద తీసుకున్న ఒప్పుకోళ్ళను పక్కనబెట్టి 2025 జూలైలో బొంబాయి హైకోర్టు 12 మందిని నిర్దోషులంది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పు యితర కేసులకు ప్రమాణం కాకుండా ఆపింది గానీ, విడుదలైనవాళ్ళని మళ్ళీ జైలుకు రమ్మనలేదు. వాళ్ళ 19 ఏళ్ళు ఎవరిస్తారు? ఆ రైళ్ళలో చచ్చిపోయిన 180 మందికి పైగా జనానికి న్యాయం ఎక్కడ దొరుకుతుంది? బలవంతపు ఒప్పుకోలు అమాయకుణ్ణి లోపల వేస్తుంది, అసలువాణ్ణి వెతకడం ఆపేస్తుంది. నష్టపోయేది బాధితులే.

పోటా చట్టంలోనే 52వ సెక్షను వుండేది. ఠాణాకు తేగానే లాయర్ని సంప్రదించే హక్కు చెప్పాలని. 2005లో పార్లమెంటు దాడి కేసులో ఆ రక్షణలు పాటించలేదని సుప్రీంకోర్టు ఒప్పుకోలును నమ్మలేదు. అంటే అంత కఠినమైన చట్టంలోనే రాయగలిగారు, అంత పెద్ద కేసులోనే అమలు చేయగలిగారు. దేశం మునిగిపోలేదు.

6

చివరగా మన లోపలి ప్రశ్న. మా వాళ్ళ మీద అత్యాచారం చేసినవాడికి కూడా హక్కులు చదవమంటావా అని ఒక అన్న నన్ను నిలదీశాడు. చదవమంటాను. దొరకి యీ చదువు అక్కర్లేదు. పోలీసు జీపు గడప ఎక్కకముందే లాయరు ఫోను వస్తుంది. ఆ నాలుగు మాటలు చదవడం వల్ల దొర కొత్తగా సంపాదించేది ఏమీ లేదు. సంపాదించేది మా చిన్నాయన. 2011 జనాభాలో మనం 16.6 శాతం, జైళ్ళలో అయిదో వంతుకు పైగా. ఈ లెక్క చాలు, ఇది మన ప్రశ్న అని చెప్పడానికి.

చదివితే చాలదు కూడా. మిరాండా కాగితం మీద హక్కులు తెలుసనే మాట అచ్చయ్యే వుంది. మన కాగితాల మీదా 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొనడమైనది' అనే వాక్యం ముందే వుంటుంది. 2024 మే నెలలో పుర్కాయస్థ కేసులో ఉపా కింద కూడా అరెస్టు కారణాలు రాతలో యివ్వాలంది సుప్రీంకోర్టు. 2025 నవంబరులో అన్ని నేరాలకూ, అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో యివ్వాలంది. ఇది ముందడుగు. మిగిలిన అడుగులు మూడు. మౌనం హక్కూ లాయరు హక్కూ ప్రశ్నలకు ముందే అతని భాషలో చెప్పాలి. ఉచిత లాయరు ఠాణాలోనే దొరకాలి. చెప్పకుండా రాబట్టిన మాట కోర్టులో చెల్లకూడదు. మూడోది లేకపోతే మొదటి రెండూ గోడమీద బోర్డులే.

ఉపా కింద ఛార్జిషీటు లేకుండా 180 రోజులు లోపల పెట్టొచ్చు. అన్ని రోజులు చేతిలో వున్న రాజ్యానికి నాలుగు మాటలు చెప్పడానికి అర నిమిషం లేదంటే నమ్మలేం.

మా చిన్నాయన లేడిప్పుడు. ఆ కాగితం ఏ ఫైల్లో వుందో తెలీదు. అందులో ఆయన ఏం ఒప్పుకున్నాడో మా యింట్లో యిప్పటికీ ఎవరికీ తెలీదు.