వీటా తూకం, డెక్ తీరు

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రాల మాట వస్తే అందరూ ముందు చిప్ సంగతే ఎత్తుతారు. తూకం ఎవరికీ పట్టదు. సోనీ పీఎస్ వీటా (2011) తొలి వై-ఫై మోడల్ 260 గ్రాములు. వాల్వ్ స్టీమ్ డెక్ (2022) 669 గ్రాములు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఆడేవాళ్లకు ఈ తేడా ఏమిటో మణికట్టే చెబుతుంది. 2023లో వచ్చిన ఓఎల్ఈడీ డెక్ 640కి దిగింది గానీ ఆ ముప్పై గ్రాములతో ఒరిగేదేమీ లేదు.

ఒడ్డూ పొడుగూ చూస్తే నా ఓటు వీటాకే. ఐదంగుళాల ఓఎల్ఈడీ తెర, ఫ్యాన్ లేని ఒళ్లు. అంతకుముందు వచ్చిన సోనీ పీఎస్పీకి ఒకే ఒక్క అనలాగ్ బిళ్ల ఉండేది. కెమెరా తిప్పాలంటే నానా తంటాలు. వీటాకు రెండు స్టిక్‌లు పెట్టి ఆ బాధ తీర్చారు. డెక్‌లో ఒక్క చిప్పే 15 వాట్ల దాకా లాగేస్తుంది, అందుకని ఫ్యాన్ తప్పదు, ఫ్యాన్ ఉంది కనుక లావు తప్పదు.

బ్యాటరీ లెక్క చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. వీటాది 2210 ఎంఏహెచ్, అంటే ఎనిమిది వాట్-అవర్ల పైచిలుకు. దాంతోనే మూడు నుంచి ఐదు గంటలు ఆడొచ్చు. తొలి డెక్‌ది 40 వాట్-అవర్లు, దాదాపు ఐదింతలు. అయినా వాల్వ్ చెప్పుకున్నదే రెండు నుంచి ఎనిమిది గంటలు. భారీ గేమ్ పెడితే ఆ రెండే గతి. డెక్‌ను మరీ తప్పుపట్టలేం. వీటా గేములు వీటా కోసమే రాసినవి. డెక్ నెత్తికెత్తుకున్నవి టేబుల్ మీది పీసీ కోసం రాసినవి. కానీ ఛార్జర్ కోసం వెతుక్కునేవాడికి ఈ న్యాయం రుచించదు.

చేతివేళ్లకు ఏం ఇచ్చారన్న దగ్గర తక్కెడ డెక్ వైపు మొగ్గుతుంది. వీటా వెనక వైపు టచ్ పలక పెట్టారు. ఎవరూ అడగని సౌకర్యం అది. ‘టేర్‌అవే’ గేమ్‌లో ఆడేవాడి వేళ్లు కాగితం లోకాన్ని చీల్చుకుని లోపలికి వచ్చినట్టు చూపించి ఆ పలకకు ఒక అర్థం కల్పించారు. మిగతా చాలా గేముల్లో అది పట్టు సర్దుకునేటప్పుడు పొరపాటున తగిలే జాగా. పలకకు ఖర్చు పెట్టినవాళ్లు ఎల్2, ఆర్2 ట్రిగ్గర్ బటన్లు మాత్రం పెట్టలేదు. దాంతో పీఎస్4లో నడిచే గేములను రిమోట్ ప్లే ద్వారా వీటా తెర మీద ఆడేటప్పుడు ఆ బటన్ల పని టచ్ మీదకు తోసేయాల్సి వచ్చేది. ట్రిగ్గర్ నొక్కిన తృప్తి గాజు మీద గీకితే వస్తుందా? డెక్ ముందువైపు ఉన్న రెండు ట్రాక్‌ప్యాడ్‌లు అలాంటివి కావు. మౌస్ కోసం రాసిన వ్యూహ గేములు ఆడాలంటే అవి కావాలి. వెనక ఉన్న నాలుగు బటన్లూ అంతే: స్టిక్ మీది బొటనవేలు ఎత్తకుండానే గెంతొచ్చు. ఒకచోట ఉన్న అవసరానికి బటన్ పెట్టారు, మరోచోట పలక పెట్టి అవసరం వెతికారు.

వీటాను దెబ్బతీసినవాటిలో నేను ముందు చెప్పేది మెమరీ కార్డు. బజారులో దొరికే మైక్రోఎస్‌డీ పనికిరాదు; సోనీ సొంత కార్డే కొనాలి, అదేమో ప్రియం. తొలి మోడల్‌కు ఛార్జింగ్ కేబులూ ప్రత్యేకమే. డెక్‌లో మైక్రోఎస్‌డీ, యూఎస్‌బీ-సీ. విప్పగలిగినవాళ్లు ఎస్ఎస్‌డీ కూడా మార్చుకోవచ్చు. విప్పితే జాగ్రత్త అని హెచ్చరిస్తూనే వాల్వ్ 2021లోనే విప్పే పద్ధతి వీడియోలో చూపించింది. మరమ్మతు సంస్థ ఐఫిక్సిట్ ద్వారా విడిభాగాలూ అమ్మించింది. యంత్రం కొన్నవాడిదే అని ఒప్పుకున్న తీరు నాకు నచ్చింది.

స్టిక్‌ల విషయంలో ఇద్దరూ పాత దారిలోనే పోయారు. లోపలి కార్బన్ పట్టీ రాపిడికి అరిగిపోతే, వేలు పెట్టకపోయినా బొమ్మ తనంతట తానే నడుస్తుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లలో ఆ రాపిడే ఉండదు. 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే అవి ఉన్నాయి కాబట్టి ఇది కొత్త విద్య అని తప్పించుకోవడానికీ లేదు. డెక్‌లో అరిగిన స్టిక్‌ను మరలు విప్పి మార్చుకోవచ్చన్నది కొంత ఊరట.

నన్ను అడిగితే వీటా కొలతల్లో, ఐదారు వాట్లకు మించని చిప్‌తో, ట్రిగ్గర్లూ హాల్ స్టిక్‌లూ డెక్ తరహా స్లాట్లూ ఉన్న యంత్రం కావాలంటాను. కొత్తగా వచ్చే భారీ గేములు దాని మీద ఆడవు. ఆడకపోనీ, వాటికి టీవీ ఉంది.

ఆ యంత్రంలో ఇంకొకటి కూడా కావాలి: బ్యాటరీ మార్చుకునే సౌలభ్యం. వీటాలో దాన్ని లోపల బిగించేశారు, తొలి డెక్‌లో గట్టి జిగురుతో అంటించారు. వాడేవాళ్లే తీసి మార్చుకునేలా బ్యాటరీలు ఉండాలన్న ఐరోపా సమాఖ్య నిబంధన 2027 ఫిబ్రవరి నుంచి వర్తిస్తుంది. 2004లో వచ్చిన పీఎస్పీకైతే చట్టంతో పని లేకపోయింది: వెనక మూత తీస్తే బ్యాటరీ చేతికొచ్చేది.