‘జెయింట్ సైజ్ ఎక్స్-మెన్’: కొత్తవారి చేరిక, భాష – ఒక పునఃపరిశీలన

ఒక బృందంలోకి కొత్తవారిని చేర్చుకోవడం కథాసాహిత్యంలో చాలా పాత ఇతివృత్తం. అమెరికాలోని మార్వెల్ సంస్థ 1975లో వెలువరించిన ‘జెయింట్ సైజ్ ఎక్స్-మెన్’ తొలి సంచిక దానికి ఒక ఆధునిక రూపం. బొమ్మల కథ కదా అని దీనిని పక్కన పెట్టడానికి వీలులేదు. వేర్వేరు దేశాలవారు ఒక గూటికి చేరినప్పుడు ఎవరి భాష నిలుస్తుందన్న ప్రశ్న ఇందులో ఉంది. ఆ దృష్టితోనే ఈ కథను ఇక్కడ మళ్ళీ పరిశీలించదలచాము.

మొదట కొంత పూర్వరంగం. స్టాన్ లీ, జాక్ కర్బీ 1963లో సృష్టించిన ఎక్స్-మెన్ పుట్టుకతోనే వింత శక్తులు గలవారు. ఇతరుల మనసులోకి ప్రవేశించగల ప్రొఫెసర్ జేవియర్ వారికి గురువు. తొలి బృందంలోని అయిదుగురూ అమెరికన్లే. ఆదరణ తగ్గడంతో 1970 నుండి ఆ పత్రికలో పాత కథలే పునర్ముద్రణ పొందాయి. ఈ స్థితిలో రచయిత లెన్ వీన్, చిత్రకారుడు డేవ్ కాక్రమ్ 1975లో కొత్త బృందాన్ని కూర్చారు. క్రాకోవా అనే ద్వీపంలో పాత శిష్యులు బందీలైతే, వారిని విడిపించడానికి జేవియర్ లోకమంతా తిరిగి ఏడుగురిని పోగుచేస్తాడు.

ద్వీపంలో జరిగే పోరాటం మామూలుదే. కథకు ప్రాణం పిలుపుల ఘట్టంలో ఉన్నది. జర్మనీలో దివిటీలతో తరుముతున్న జనం బారినుండి నైట్‌క్రాలర్‌ను జేవియర్ కాపాడుతాడు. కెన్యాలో దేవతగా పూజలందుకుంటున్న స్టార్మ్‌కు బయటి లోకాన్ని చూపుతాడు. సైబీరియా సమష్టి క్షేత్రంలో పనిచేసే కొలోసస్ తన శక్తి దేశానికి చెందినదేమోనని సంశయిస్తే, అది లోకానికంతటికీ చెందినదని నచ్చజెబుతాడు. అపాచీ యువకుడైన థండర్‌బర్డ్ శ్వేతజాతివాని పిలుపును తిరస్కరించినప్పుడు మాత్రం అతని జాతినే కించపరచి, రోషం రేపి వెంట తెచ్చుకుంటాడు. ఒకే మనిషి నోట కరుణ, ఆశ, ఆదర్శం, అవమానం వరుసగా వినిపించడం రచయిత నేర్పు. పిలిచేవానికి అవసరం ఎక్కువైతే మాట ఎంతకు దిగజారుతుందో ఇక్కడ తెలుస్తుంది.

అందరూ గురువు ఇంట కలిసేసరికి భాషాసమస్య అన్నదే లేకుండా పోయింది. ఆంగ్లం రానివారికి జేవియర్ తన మనశ్శక్తితో దానిని నేర్పివేశాడు. కథ దీనిని క్షణంలో దాటిపోతుంది. కథనానికి ఇది సౌకర్యమే, కాదనము. అయితే ఇంతటి శక్తి గల గురువుకు తాను రష్యన్ నేర్చుకోవాలని గాని, పాత శిష్యులకు జర్మన్ నేర్పాలని గాని తోచలేదు. వచ్చినవారే మారాలన్న నియమం ఎవరూ చెప్పకుండానే అమలైంది.

దీనిని రామాయణంతో పోల్చి చూడవచ్చు. కిష్కింధలో తొలిసారి కలిసినప్పుడు రాముడు హనుమంతుని మాటతీరును, వ్యాకరణజ్ఞానాన్ని మెచ్చుకుంటాడు. సుందరకాండలో ఆ హనుమంతుడే సీతతో ఏ భాషలో మాట్లాడాలని ఆలోచిస్తాడు. పండితునిలా సంస్కృతం పలికితే తనను రావణుడనుకొని ఆమె భయపడుతుందని, మనుషులు వాడుకొనే భాషను ఎంచుకుంటాడు. అక్కడ భాషను ఎంచుకొనేది బృందంలో చేరినవాడు. ఆ ఎంపికకు కారణం వినేవారి మనసు. జేవియర్ శిష్యులకు ఆ స్వేచ్ఛ లేదు.

తరువాత పదహారేళ్ళపాటు క్రిస్ క్లేర్‌మాంట్ రాసిన కథల్లో కొలోసస్, నైట్‌క్రాలర్ తమ భాషలను పూర్తిగా మరువరు. అయితే అవి ఎక్కువగా ఆశ్చర్యార్థకాలకు, సంబోధనలకు పరిమితమవుతాయి. వాదన, వ్యూహం, పశ్చాత్తాపం అంతా ఆంగ్లంలోనే సాగుతుంది. భాషల కలయికపై షానా పాప్లాక్ 1980లో ప్రకటించిన అధ్యయనం ఇక్కడ ఉపకరిస్తుంది. ఇటువంటి విడి పలుకులకు రెండు భాషలపైనా గట్టి పట్టు అక్కరలేదనీ, వాక్యం మధ్యలో భాష మార్చడానికే అది కావాలనీ ఆమె చూపింది. ఆ లెక్కన ఈ వీరుల మాతృభాష వేషంలో ఒక భాగం, అంతే.

ఎదురు చెప్పినవారి గతి కూడా గమనార్హం. అయిష్టంగా వచ్చిన జపానీయుడు సన్‌ఫైర్ 94వ సంచికలోనే వెళ్ళిపోయాడు. థండర్‌బర్డ్ 95వ సంచికలో మరణించాడు. రెండూ 1975లోనే వచ్చాయి. తొలి సంచిక చివర పాత, కొత్త కలిపి పదమూడుగురు తేలి, ఇంతమందిని ఏం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. సర్దుకోనివారిని తొలగించడమే దానికి దొరికిన జవాబులో ఒక భాగమైంది.

ఎడ్ బ్రూబేకర్ రాసిన ‘డెడ్లీ జెనెసిస్’ (2005-06) ఈ కథను తిరగరాసింది. అంతకు ముందే జేవియర్ మరికొందరు యువకులను ఆ ద్వీపానికి పంపి పోగొట్టుకున్నాడనీ, ఆ జ్ఞాపకాన్ని శిష్యుడు సైక్లాప్స్ మనసునుండి చెరిపివేశాడనీ అందులో తెలుస్తుంది. ఈ మార్పు చాలామందికి రుచించలేదు. అయితే 1975 కథలోనే దీనికి బీజం ఉన్నదని మా అభిప్రాయం. అడగకుండా మనసులో భాషను నింపగల శక్తి, అడగకుండా జ్ఞాపకాన్ని తీసివేయగలదు కూడా.

ఈ చర్చ మన విద్యార్థులకు దూరమైనది కాదు. దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఎన్నో ఇళ్ళలో తెలుగు, వీధిలో కన్నడం, తరగతిలో ఆంగ్లం వినిపిస్తాయి. రేపు ఏదో ఒక పెద్ద సంస్థ మనలనూ పిలుస్తుంది. వెళ్ళవద్దని మేము అనము. కన్నడం, ఆంగ్లం రెండూ బాగా నేర్చుకోవలసినవే. ఒక్క పని మాత్రం సూచిస్తాము. మీ ఇంట్లో ఒక గంట సంభాషణను ఉన్నదున్నట్లు రాసుకోండి. అందులో తెలుగు ‘అయ్యో’, ‘అబ్బా’లకే మిగిలిందా, లేక నూలు లెక్కకూ, అన్నదమ్ముల వాదానికీ, తల్లి మందలింపుకూ కూడా పనికివస్తున్నదా చూడండి. ఆ కాగితం చేతిలో పెట్టుకొని ఈ బొమ్మల కథను చదివితే, ఏడుగురు కొత్తవారు ఏం పొందారో, ఏం వదులుకున్నారో స్పష్టంగా కనబడుతుంది.