సరుగుడు తోటలో దిక్కు

తెలుగునాట పుట్టి పెరిగినవానికి సముద్రమన్న తూర్పే. బడిలో దేశపటము గోడకు తగిలించి ఉపాధ్యాయుడు మొదట నేర్పునది అదియే గనుక, ఎన్ని యేండ్లు గడచినను ఆ పాఠము మనస్సునుండి తొలగదు. కాని గోదావరి యుగయుగములుగా తెచ్చిపోసిన ఒండ్రుతో కడలిలోనికి చొచ్చుకొనిపోయిన కోనసీమలో, ముఖ్యముగా దాని నైరృతి కొనయందున్న అంతర్వేదిలో, ఆ పాఠము చెల్లదు. అచ్చట తీరరేఖ రమారమి పడమటినుండి తూర్పునకు సాగును; సముద్రము దక్షిణమున నుండును; పడమట వశిష్ఠ గోదావరి వచ్చి దానిలో కలియును. ఇది చాలదన్నట్లు అచ్చటి లక్ష్మీనరసింహస్వామి పశ్చిమాభిముఖుడు. కావున గుడి వాకిలినిబట్టి తూర్పు తెలిసికొను మన అలవాటును అక్కరకు రాదు.

గుడినుండి బయలుదేరి, దీపస్తంభము మీదుగా సముద్రపుటొడ్డు చేరి, నది సముద్రమున కలియుచోటనున్న అన్నాచెల్లెళ్ళ గట్టు దిక్కుగా కొంతదూరము పోయి మరలివచ్చుట యాత్రికులకు పరిపాటియైన నడక. ఒక పూటలో సగము చాలును. ఇంత చిన్న నడకలో దారి తప్పుటకేమున్నదని యెవరికైనను తోచును. నిజమునకు దారి తప్పుట యిట్టి నడకలందే యెక్కువ. కొండకు పోవువాడు గుర్తులు చూచుకొనుచు పోవును, ఒడ్డున పోవువాడు సముద్రమున్నదిగదాయని కబుర్లాడుచు పోవును.

శ్రావణమాసమున మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నము నేనట్లే ఒడ్డు విడిచి, మరలుదారిలో సరుగుడు తోట ప్రవేశించితిని. సరుగుడు తోట యెట్లుండునో ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఒకే ఏట నాటిన మొక్కలు ఒకే లావున, ఒకే ఎడముతో, ఏ వైపు చూచినను బారులు తీరి నిలిచియుండును. రాలిన ఆకు నేలనంతయు ఎఱ్ఱని దుప్పటివలె కప్పియుండుటచే అడుగుజాడ నిలువదు. కొట్టిన కలప తోలుకొనిపోవుటకై బండ్లు నడచిన బాటలు కొన్ని అడ్డముగను కొన్ని నిలువుగను కనబడి, ప్రతిదియు ఊరికి పోవుదానివలెనే తోచును. అన్నిటికంటె వింత యేమనగా, సన్నని ఆ ఆకులలో గాలి చేయు హోరునకును అలల హోరునకును భేదము తెలియదు. సముద్రము వెనుకనున్నదని నమ్మి నేను నడచుచుండగా, ఆ హోరు మొదట కుడివైపునకును, తరువాత ముందునకును వచ్చినది. కొంతసేపటికి, ఇంతకుమునుపు దాటివచ్చిన మొద్దే, దానిపై పారిన గొడ్డలిగాటుతో సహా, మరల ఎదుట నిలిచినది.

ఇది చిత్తభ్రమ కాదు. మనుష్య శరీరముయొక్క స్వభావమే యిది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యాన్ సౌమన్ బృందము 2009లో ప్రకటించిన పరిశోధనలో, అడవియందును సహారా ఎడారియందును కొందరిని తిన్నగా నడువుమని విడిచి చూడగా, సూర్యుడుగాని చంద్రుడుగాని కనబడినంతవరకు వారు తిన్నగానే నడచిరి; మబ్బు కమ్మినప్పుడు, తిన్నగా పోవుచున్నామని గట్టిగా నమ్ముచునే, వలయములు తిరిగిరి. కన్నులకు గంతలు కట్టినప్పుడు ఆ వలయము ఒక్కొక్కయెడ ఇరువది మీటర్ల వ్యాసమునకే కుదించుకొనిపోయెను. బయటి గుర్తు లేనిదే కాలికి దిక్కు లేదన్నమాట.

తోటలో వంటచెరకునకై రాలిన ఆకు ఊడ్చి గంపకెత్తుచున్న ఒక వృద్ధురాలు నన్ను చూచి, "ఎక్కడికెళ్ళాలండి బాబూ?" అని పిలిచినది. గుడికంటిని. "గుడికి ఎనక్కి నడుస్తున్నారండి. ఈ తోటలో సద్దుని నమ్ముకోకూడదండి, చెట్టూ సముద్రమూ ఒకలాగే హోరెత్తుతాయి. తలలు చూడండి. పొట్టిచెట్లు సముద్రంపక్క, పొడుగుచెట్లు ఊరుపక్కండి" అన్నది.

తలయెత్తి చూచితిని. సముద్రమునకు ఎదురొడ్డిన వరుసలు ఉప్పుగాలికి చివుళ్ళు మాడి, గిడసబారి, లోనికి వంగియున్నవి. వాని చాటున పెరిగినవి కొంచెము ఎత్తు. వాని వెనుకవి మరికొంచెము. ఆ కొనలన్నియు కలిసి, ఊరివైపునకు పైకెక్కు ఒకే వాలుగా కన్పించినవి. అంతసేపు నా తలపైననే యున్న ఆ గుర్తును చూపుటకు ఆమెకు అరనిమిషము పట్టినది. నా దృష్టిలో ఆ చూపు ఒక విద్య. వలలు వేయువారు నడిసంద్రమున ఒడ్డునున్న రెండు గుర్తులను ఒక వరుసకు తెచ్చుకొని తమ చోటు తెలిసికొందురే, ఆ విద్యకిది తోబుట్టువు. దేశపటము దేశమంతటికి ఒకటే. ఇట్టి గుర్తులు మాత్రము ఊరూరికి వేరు, ఆ యూరివారినడిగి నేర్చుకొనవలసినవే.

తీరమున గుర్తులు నిలుకడగా నుండవనుటయు నిజమే. దినమునకు రెండుమారులు పోటు, రెండుమారులు పాటు. నేటి పోటు వచ్చిన వేళకు రేపటిది సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యకును పున్నమికిని ఉద్ధృతి హెచ్చు. పోవునప్పుడు చీలమండ తడిపిన ఉప్పుకాలువ వచ్చునప్పుడు నడుము ముంచవచ్చును. అందుచేత తీరమున నడచువాడు అప్పుడప్పుడు నిలిచి వెనుదిరిగి చూచుట మంచిది. పోవు దారి, మరలు దారి ఒకటే యైనను కంటికి అవి రెండు దారులు. ముందుగా వెనుకకు చూచుకొన్నవానికే రెండవది పరిచితమగును.

మాఘమాసమున భీష్మైకాదశినాటి రథోత్సవమునకు బిడ్డలను వెంటబెట్టుకొని పోవువారికి నా మనవి యిది. కాలువ దాటకముందు, ఒడ్డున వలలు బాగుచేసుకొనుచున్నవారిని పోటువేళ యడుగుడు. దారిపొడవున బిడ్డలచేత గుర్తులు చూపించుడు. మరలివచ్చునప్పుడు వారిని ముందు నడువనిచ్చి, మీరు వెనుక నడువుడు.