ఆకు కింద ఎవరి పేరు?

మన కొండల మొక్కల గురించి చదవాలనుకున్నవారికి ముందుగా ఎదురయ్యే పేర్లలో ఆచార్య టి. పుల్లయ్య గారిది ఒకటి. ఆయన అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించారు. తోటివారితో, శిష్యులతో కలిసి అనంతపురం, కర్నూలు, నిజామాబాదు, మెదక్ అంటూ జిల్లా తర్వాత జిల్లా మొక్కలను నమోదు చేశారు. 1997 నుంచి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి సంపుటాలు తెచ్చారు. అంతకుముందు ఆధారం గ్యాంబుల్ దొర 1915లో మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ పుస్తకమే. నిజాం ఏలుబడిలో ఉన్న ఆదిలాబాదు అడవికి అందులో చోటు లేదు. ఆ లోటు తీర్చిన శ్రమకు మనం దండం పెట్టాలి.

ఆ తర్వాత ఆయన మరో ఇద్దరు ఆచార్యులతో కలిసి, ప్రజలకు మొక్కల గురించి తెలిసిన సంగతులపై ఐదు సంపుటాలు వెలువరించారు. మొదటిది తూర్పు కనుమలు, దక్కను గురించే. అంటే మన తాతల, అవ్వల తెలివి గురించే. అందుకే ఇక్కడ ఒక మాట అడగాలి.

శాస్త్రంలో మొక్క పేరు వెనుక ఆ పేరు పెట్టినవారి గుర్తు ఉంటుంది. ఎర్రచందనం శాస్త్రీయనామం చివర 'ఎల్.ఎఫ్.' అని రాస్తారు. అంటే లిన్నేయస్ కొడుకు. ఆయన మన దేశంలో అడుగుపెట్టనే లేదు. అయినా పేరు నిలిచింది. మరి దారి చూపి, ఆకు తుంచి, వాడకం చెప్పిన మనిషి? ఈ రకం రచనల్లో చాలావరకు 'చెంచులు వాడతారు', 'కోయలు వాడతారు' అన్న ఒక్క ముక్కే ఉంటుంది. తెగ పేరు మిగులుతుంది, మనిషి పోతాడు. ఇది ఒక్కరి తప్పు కాదు, ఆ చదువుకున్న అలవాటు.

పేరుతో ఏం ఒరుగుతుందని అనుకోకండి. 1987లో కేరళ అగస్త్యమల అడవిలో కాణి యువకులు అలసట తీర్చే పండ్ల సంగతి శాస్త్రవేత్తలకు చెప్పారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. చెప్పిందెవరో తెలుసు కనుకనే లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణివారికి ఇవ్వాలన్న ఒప్పందం కుదిరింది.

మా బడిలో ఇప్పుడు పిల్లలు పాత పేపర్ల మధ్య ఆకులు ఆరబెడుతున్నారు. అట్టమీద ఊరు, తేదీ, మన భాషలో పేరు, చెప్పిన పెద్దల పేరు రాస్తున్నారు. బయటికి చెప్పొద్దన్న మందు రాయరు. పుల్లయ్య గారి పద్ధతే ఇది. మేం కలిపింది ఒక్క గీత: 'చెప్పినవారు'. మీ బడిలోనూ ఆ గీత గీయండి.