గంట ఎక్కువిస్తే ఎవరి సొమ్ము పోయింది?

ఈ వారం నాకు ఒళ్లు మండించిన మాట: ‘‘ఒక్క పిల్లకి గంట ఎక్కువిస్తే మిగతావాళ్లకి అన్యాయం కదండీ!’’

కోల్‌కతాలో ఉంటున్న మా తమ్ముడి కూతురికి డిస్లెక్సియా. అక్షరాలు దానికి ఓ పట్టాన లొంగవు. అదే పాఠం ఎవరైనా చదివి వినిపిస్తే మర్నాడు పొల్లుపోకుండా చెబుతుంది. పదో తరగతి పరీక్షకి అదనపు సమయం ఇప్పించమని మా వాడు అడిగితే బడిలో టీచరుగారి జవాబు అది.

పరీక్షలంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. ‘మళ్లీ మొదలెట్టాడు’ అనుకున్నా సరే, మొదలెడతాను. పైగా ఊరు కోల్‌కతా! 1857లో అక్కడ వెలసిన విశ్వవిద్యాలయం లండన్‌ది చూసి పెట్టింది. పాఠాలు చెప్పడం కాలేజీల వంతు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం దాని వంతు. మన చదువులకి పరీక్ష యజమాని అయి కూచున్నది అప్పుడేనని నా పాత వాదన.

మరుసటి ఏడే తొలి బీఏ పరీక్ష. రాసినవాళ్లలో ఒక్కరూ గట్టెక్కలేదు. ఆరింట్లో ఐదు సబ్జెక్టులు బాగా రాసి, ఆరోదాంట్లో ఏడు మార్కులకి మించకుండా తగ్గిన ఇద్దరికి ఆ కాస్తా కలిపి రెండో తరగతిలో పాస్ చేశారు. ఒకాయన జదునాథ్ బోస్. ఇంకొకాయన బంకించంద్ర ఛటర్జీ. అవును, ‘వందేమాతరం’ బంకించంద్రుడే! పరీక్షల్ని వెక్కిరించాల్సి వచ్చినప్పుడల్లా నేను తీసే ముక్క ఇది. బడి మానేసిన రవీంద్రుడు, చిలక నోట్లో కాగితాలు కుక్కి కుక్కి చంపేసిన చదువు మీద 1918లో ఆయన రాసిన కథ దీనికి తోడు.

ఇదంతా ఫోన్‌లో ఏకరువు పెట్టి, ‘‘పరీక్షలు ఎత్తేస్తే పీడా పోతుందిరా’’ అన్నాను. ‘‘అప్పుడు దీని మార్కులు ఎవరి చేతిలో ఉంటాయన్నయ్యా? ఆ టీచరుగారి చేతిలోనేగా!’’ అన్నాడు.

నాకు స్పాట్ వాల్యుయేషన్ గుర్తొచ్చింది. ఎండాకాలం, కట్టలకి కట్టలు పేపర్లు. ముత్యాల్లాంటి చేతిరాత కనిపిస్తే చెయ్యి కాస్త ధారాళమయ్యే మాట నిజమే. కానీ ఆ పేపరు ఎవరి బిడ్డదో, క్లాసులో ఎలా కూచుంటుందో, వాళ్ల నాన్న ఎవరితో గొడవపడ్డాడో దిద్దేవాడికి తెలియదు. ఇంటర్నల్ మార్కులకి ఆ భద్రత లేదు.

బంకించంద్రుడికి దక్కింది పెద్దల దయ. మా పిల్లకి కావలసింది దయ కాదు, రూలు. ఆ రూలు ఉంది కూడా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాల్నీ లెక్కలోకి తీసుకుంది. అర్హులకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మూడు గంటల పరీక్షకి గంట, అంతే లెక్క. 2021లో నీట్ రాసిన డిస్‌గ్రాఫియా, అంటే చేతిరాత ఓ పట్టాన లొంగని ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థినికి ఆ గంట ఇవ్వకుండా పేపరు లాక్కుంటే, అది తప్పేనని సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి పరీక్ష ఉండనివ్వండి. గడియారం మాత్రం అందరికీ ఒకటే కానక్కర్లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే పదో తరగతి దాకా ఆగకండి. ఇప్పుడే ప్రభుత్వాసుపత్రిలో చూపించి సర్టిఫికెట్ తీసుకోండి. బడికి అర్జీ కాగితం మీదే ఇవ్వండి. అందినట్టు సంతకం పెట్టించుకోవడం మర్చిపోకండి.