రాతిపొడి, చావి గడియారం

ప్రయాణపు టైంపీసు అంటే చావి ఇస్తే నడిచేది, తోలు తొడిగిన చిన్న పెట్టెలోకి మడతపడేది. జర్మనీ యూంగ్‌హాన్స్, స్విట్జర్లాండు స్విజా వంటి పేర్లున్న ఈ అలారం గడియారాలను సేకరించేవారు తరచుగా డయలు మీది అక్షరాలకూ పెట్టె మెరుపుకూ ధర కడతారు గాని, వాటి అసలు విలువ వెనుక మూత కింద ఉంటుంది. లోలకానికి నిలకడైన చోటు కావాలి; ఈ టైంపీసులో ఆ పనిని సన్నని చుట్టల స్ప్రింగుతో ముందుకూ వెనక్కూ తిరిగే బాలెన్స్ చక్రం చేస్తుంది కనుక, రైలు కుదుపుల్లోనూ అది ఆగదు.

అలారం ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. గంటల చక్రం మీది బొడిపె, అలారం ముల్లుతో పాటు అమర్చిన గాడికి ఎదురుపడగానే చక్రం వెంట్రుకవాసి జరుగుతుంది. దానితో కదిలిన పలుచని రేకు, అంతవరకు పట్టి ఉంచిన సుత్తిని వదిలేస్తుంది. ఆ చక్రం 12 గంటలకొక చుట్టు తిరుగుతుంది కాబట్టి, రాత్రి 7 గంటలకు మర్నాటి 8 గంటల కోసం అలారం పెట్టినవారిని అది మరో గంటకే ఉలిక్కిపడేలా చేస్తుంది.

పటాన్‌చెరు దాపున, రాతి క్వారీలూ క్రషర్లూ ఉన్న లక్డారం వంటి చోట ఈ సేకరణకు ప్రధాన శత్రువు తుప్పు కాదు, ధూళి. గ్రానైటు పొడిలో క్వార్ట్జ్, అంటే స్ఫటికశిల, ఉంటుంది. గీతపడకుండా నిలిచే గట్టిదనాన్ని కొలిచే మోస్ మానంలో దాని స్థానం 7, ఇత్తడిది సుమారు 3. పాత నూనెలో కలిసిన ఈ రేణువులు మెత్తని ఇత్తడి రంధ్రాల్లో నాటుకుపోయి, వాటిలో తిరిగే ఉక్కు ఇరుసును ఆకురాయిలా అరగదీస్తాయి. 1969లో సీకో క్వార్ట్జ్ చేతి గడియారం వచ్చాక చావి గడియారాలు మూలపడ్డాయి. మిగిలినవాటిని ఇక్కడ అదే ఖనిజం పొడి రూపంలో వెంటాడుతోంది. ప్రయాణానికని చేసిన పెట్టె అందువల్ల ఈ ప్రాంతంలో ప్రయాణం లేకున్నా మూసి ఉంచవలసిన కవచమవుతుంది.

కిరోసిన్‌లో ముంచి తీయడం బాగుచేయడం కాదు. జిడ్డు కరుగుతుంది గాని, నాటుకున్న రేణువు కదలదు. చీకట్లో మెరిసేలా అంకెలకు రేడియం పూసిన పాత డయలునైతే ఇంట్లో విప్పనే కూడదు, ఎందుకంటే మెరుపు ఆరిపోయినా, సగం తరగడానికే 1600 ఏళ్లు పట్టే ఆ రేడియం అక్కడే ఉంటుంది. అటక మీద అలాంటి టైంపీసు దొరికితే, నడుస్తుందో లేదో చూద్దామని వెంటనే చావి తిప్పకండి. ముందు గడియారాల పని తెలిసినవారికి చూపించండి.